రేగడి నేలలో పశువుల కొట్టమునకు పునాది



నరసరావుపేట నుండి మీ గ్రామమునకు వచ్చు దారిలో ఇరుప్రక్కల నున్న గోడలను చూచుచు వచ్చితిని. ఏ ఊరిలో చూచినను ఒకే గుర్తు కనబడినది. కిటికీ మూల నుండి మొదలై, ఇటుక వరుసల వెంట మెట్లు మెట్లుగా దిగి, నేలలో కలసిపోవు పగులు అది. కొందరు దానిని సిమెంటుతో పూడ్చినారు. పూడ్చిన చోటనే అది మరల విచ్చుకొన్నది. మేడలకంటె ఈ పగుళ్లు చిన్న కట్టడములకే, అందును పెరటిలో నున్న పశువుల కొట్టములకే ఎక్కువగా కనబడుచున్నవి. పెద్ద బరువు మోయు ఇల్లు నిలిచియుండగా, నాలుగు రేకుల బరువు మాత్రమే మోయు కొట్టము పగులుట వింతగా తోచును గదా! ఈ వింతను గురించియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాను.

ముందుగా ఒక్క మాట. నేను ఇంజనీరును కాను. తెలిసినవారు కనుగొన్న సంగతులను మీకు అందించుట నా ఉద్యోగము. అయినను ఈ విషయము నాకు పుస్తకముల వలన మాత్రమే తెలిసినది కాదు. మా స్వగ్రామము కూడ రేగడి నేలలోనిదే. నేను కళాశాలలో చదువుచున్న రోజులలో మా తండ్రిగారు పెరటిలో కొట్టము కట్టించినారు. అడుగున్నర లోతున కందకము త్రవ్వి, బురదమట్టితో రాళ్లు పేర్చి, దానిపై ఆరడుగుల ఇటుక గోడ లేపి, రేకులు వేయించినారు. మరికొంత లోతు త్రవ్వించిన బాగుండునేమో యని మా అమ్మ అన్నది. అందుకు మేస్త్రీ, "గొడ్లుండే కొట్టానికి ఇంతకంటె పునాది ఎందుకమ్మా? మోసే బరువెంత?" అన్నాడు. మా తండ్రిగారికి ఆ మాట నచ్చినది. మంచి పనివాడే. అతని మాట ఏ ఎర్రనేల గ్రామములోనైనను చెల్లుబడి అయ్యెడిది.

మొదటి వానలకు తలుపు బిగిసిపోయినది. దానిని చిత్రిక పట్టించినారు. వేసవికి అదే తలుపు వదులై, దాని పైన వ్రేలు పట్టునంత పగులు విడిచినది. దానిని పూడ్చినారు. మూడవ యేట కార్తికమాసములో తుపాను వాన రెండు దినములు విడువక కురిసినది. రెండవ రాత్రి కుడితి తొట్టి ప్రక్కనున్న గోడ లోపలికి ఒరిగి పడిపోయినది. దాని క్రింద మా పాడి గేదె ఉన్నది. తెల్లవారి ఇటుకలు తీసి చూచునప్పటికి అది బ్రతికిలేదు. నా వసతిగృహపు రుసుము ఆ గేదె పాల మీదనే వచ్చెడిది. ఆ సంవత్సరము మా అమ్మ చెవి కమ్మలు అమ్మి నన్ను చదివించినది. ఆ కొట్టములో తప్పు ఎక్కడ జరిగినదో నాకు తెలియుటకు చాల సంవత్సరములు పట్టినది.

తప్పు మేస్త్రీ లెక్కలోనే ఉన్నది. పునాది అనగా బరువును నేలకు దించునది యని మన మందరము ఎరుగుదుము. బరువు తక్కువైన పునాది తక్కువైనను చాలునని అందరును అనుకొందురు. ఇసుకనేలలోను, గరుసు కలిసిన ఎర్రనేలలోను ఇది చాలవరకు నిజమే. రేగడిలో ఈ లెక్క తారుమారగును. రేగడిలో మాంట్‌మోరిల్లనైట్ అను ఒక జాతి బంకమన్ను కలదు. దాని రేణువులు పలుచని పొరలుగా నుండును. నీరు తగిలినప్పుడు ఆ పొరల నడుమ నీరు చేరి వానిని ఎడముగా నెట్టును. నేల పొంగును. ఎండలకు ఆ నీరు పోగా నేల క్రుంగి నెరియలు విచ్చును. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని మన పెద్దలన్నారు. రోళ్ల మాట యెట్లున్నను, రేగడి చేలలో కాలు దిగబడునంత నెరియలు పడుట మీకు తెలియనిది కాదు.

పొంగునప్పుడు ఈ నేల ఎంత బలముతో పైకి నెట్టునో వినుడు. మంచి నల్లరేగడిలో ఆ ఒత్తిడి చదరపు మీటరునకు 20 టన్నులు, ఒక్కొక్కచోట అంతకు మించియు ఉండును. ఆరడుగుల గోడయు దానిపై రేకులును కలిసి పునాది అడుగున వేయు బరువు చదరపు మీటరునకు రెండు మూడు టన్నులకు మించదు. ఇరువదితో నెట్టువానిని మూడుతో అణచగలమా? అంతస్తుల మేడ తన బరువుచేత నేలను కొంతవరకైనను అణచియుంచును. తేలిక కొట్టమును నేల యే ఎత్తి దించుచుండును. కనుక రేగడిలో తేలిక కట్టడమునకే పునాది విషయమున ఎక్కువ జాగ్రత్త వలయును. మా మేస్త్రీ "మోసే బరువెంత" అని ప్రశ్నించినాడు. నేల ఎత్తు బలమెంత యని ఎవరును ప్రశ్నింపలేదు.

నేల అంతయు ఒక్కతీరుగా లేచి ఒక్కతీరుగా దిగిన యెడల గోడకు పెద్ద హాని లేదు. ఒక ప్రక్క లేచి మరియొక ప్రక్క లేవనప్పుడే గోడ చీలును. పశువుల కొట్టములో జరుగునది సరిగా ఇదే. ఒక ప్రక్క కుడితి తొట్టి, మూత్రపు కాలువ, ప్రతిదినము కడుగు నీళ్లు. అక్కడి నేల సంవత్సరమంతయు నానుచుండును. రెండవ ప్రక్క గడ్డి పెట్టు చోటు, లేదా నీడకని పెంచిన వేపచెట్టు. ఆ చెట్టు వేళ్లు నేలలోని తేమను పీల్చివేయును. ఒకే గోడకు ఒక కొన పొంగిన నేల మీద, రెండవ కొన క్రుంగిన నేల మీద నిలుచును. మా ఇంట పడిన గోడ తొట్టి ప్రక్కదే యని చెప్పితిని గదా.

మీ పెరటి నేల ఎట్టిదో తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోవలసిన పనిలేదు. ప్రయోగశాలలలో చేయు పరీక్షనే కొంచెము మోటుగా ఇంటిలో చేసికొనవచ్చును. రెండడుగుల లోతు నుండి మట్టి తీసి, ఎండబెట్టి, మెత్తగా దంచి, పలుచని గుడ్డలో జల్లించవలెను. ఒకే కొలత గల రెండు గాజు గ్లాసులలో ఆ పొడిని సమముగా వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు నిండుగా పోసి, పుల్లతో బాగుగ కలిపి, ఒక పగలు ఒక రాత్రి కదలింపక ఉంచవలెను. కిరసనాయిలులో బంకమన్ను పొంగదు. నీటిలో పొంగును. మరునాడు రెంటిలోను పేరిన మట్టి ఎత్తును పుల్లతో కొలిచి చూడుడు. కిరసనాయిలులో రెండంగుళములుండగా నీటిలో మూడంగుళములకు లేచినచో ఆ నేలను నమ్మరాదు. మీ ఊరి మట్టి అంతకు మించియే లేవవచ్చునని నా అనుమానము. వెనుక వరుసలోని పెద్దలు నవ్వుచున్నారు. గ్లాసులు ఇంటిలో ఆడవారిని అడిగి తీసికొనుడు. కిరసనాయిలు వాసన ఒక పట్టాన పోదు.

రెండవ పరీక్ష వేసవిలో చేయవలసినది. రోహిణీ కార్తెలో నెరియలు బాగుగ విచ్చినప్పుడు సన్నని ఇనుప చువ్వను నెరియలోనికి దింపి, ఎంత లోతు పోవునో చూడవలెను. ఎండ ప్రభావము కనీసము అంత లోతు వరకు ఉన్నదని దాని అర్థము. పునాది అడుగు దానికి పైన నిలుచుట మంచిది కాదు. మూడవది, రేగడి ఎంత మందమున ఉన్నదో తెలిసికొనుట. దగ్గరలో ఒర కట్టని పాత బావి యున్నచో దాని అంచులను చూచిన చాలును. నల్లని పొర క్రింద తెల్లని సుద్దయో, గరుసో, మెత్తని రాయియో ఎన్ని అడుగులకు తగులుచున్నదో అక్కడనే కనబడును.

రేగడి నాలుగైదు అడుగులకు మించనిచోట మీరు అదృష్టవంతులు. అక్కడ వేరు ఆలోచన పెట్టుకొనక, గరుసు పొర తగులువరకు త్రవ్వి దానిపైననే పునాది మొదలుపెట్టవలెను. త్రవ్వకపు కూలి కొంత పెరుగును. ఆ పెరిగిన కూలిని చూచి మనసు మార్చుకొని, ఇంక ఒక అడుగు మిగిలియుండగా ఆపివేసినవారిని నేనెరుగుదును. ఆ ఒక్క అడుగుతో వారు పెట్టిన ఖర్చంతయు రేగడి మీదనే నిలిచినది.

రేగడి పదియడుగులకు మించి ఉన్నచోట మార్గము వేరు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఇట్టి నేలల కొరకు ఒక పద్ధతిని వాడుకలోనికి తెచ్చినారు. నేలలో చేతి బర్మాతో జానెడు మొదలు అడుగు వరకు వెడల్పు గల గుండ్రని రంధ్రమును సుమారు మూడున్నర మీటర్ల లోతు దింపుదురు. అడుగు భాగమున ఒక ప్రత్యేకమైన పనిముట్టుతో దానిని రెండున్నర రెట్లు వెడల్పు చేయుదురు. అందులో ఇనుప చువ్వలు దింపి కాంక్రీటు పోయుదురు. తయారైన స్తంభము నేలలో పాతిన ఉల్లికాడవలె ఉండును. పైన సన్నని కాడ, అడుగున గడ్డ. అంత లోతున వానకాలమునకు వేసవికి తేమలో పెద్ద భేదముండదు గనుక గడ్డ కదలదు. పై నేల పొంగి కాడను పైకి లాగబోయినను, గడ్డ దానిని పట్టి నిలుపును. ఇట్టి స్తంభములకు లోపలి చువ్వ తప్పనిసరి. చువ్వ లేనియెడల లాగుడుకు కాంక్రీటు తెగిపోవును.

ఈ పద్ధతిలో ఒక ముఖ్యమైన సూక్ష్మము కలదు. స్తంభముల తలలను కలుపుచు కాంక్రీటు దూలము పోసి దానిపై గోడ కట్టుదురు. ఆ దూలము నేలకు ఆనరాదు. దాని అడుగున మూడంగుళముల ఖాళీ విడువవలెను. నేల పొంగినప్పుడు ఆ ఖాళీలోనికి పొంగి ఊరకుండును. చాలమంది మేస్త్రీలు ఈ ఖాళీని చూచి, పని అసంపూర్ణముగా నున్నదని తలచి, మట్టితో గట్టిగా కూరివేయుదురు. అంతటితో స్తంభములకు పెట్టిన ఖర్చు వ్యర్థమగును. పందికొక్కుల భయమున్నచో, ఖాళీకి బయటివైపు నాపరాతి పలకలను దూలమునకు తగులకుండ, వదులుగా నిలబెట్టిన చాలును.

బర్మా దొరకనివారికి, అంత ఖర్చు భరింపలేనివారికి నడిమి మార్గమొకటి కలదు. అసలు కొట్టమునకు నాలుగు ప్రక్కల గోడ యెందుకు? పశువునకు కావలసినది నీడ, గాలి, పొడి నేల. నిలువు స్తంభముల మీద కప్పు వేసి, గాలివాన కొట్టు వైపున మాత్రము తడికలో, మాచర్ల నాపబండలో నిలబెట్టినచో నేల కొంచెము కదలినను అవియు దానితోపాటు కదలి సర్దుకొనును. ఇటుక గోడవలె చీలి మీద పడవు. నాలుగు పెద్ద పశువులకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల కొట్టము చాలును. పొడవు తూర్పు పడమరలుగా ఉండిన లోపలికి ఎండ తక్కువ పడును. దీనికి ప్రక్కకు మూడు చొప్పున ఆరు స్తంభములు వలయును.

ముందుగా కొట్టమునకు ముగ్గు పోయవలెను. మూల సరిగా వచ్చినదా లేదా యని తెలిసికొనుటకు ఒక ప్రక్క 6 అడుగులు, రెండవ ప్రక్క 8 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ త్రాటితో కొలువుడు. సరిగా 10 అడుగులు రావలెను. పిమ్మట ఎదురు మూలల నడుమ కొలిచినచో, నేను చెప్పిన కొలతల కొట్టమునకు రెండు వైపుల 23 అడుగుల 4 అంగుళములు వచ్చును. మట్టము చూచుటకు నీరు నింపిన సన్నని పారదర్శకపు గొట్టము చాలును.

ఒక్కొక్క స్తంభమునకు నాలుగడుగుల చదరపు గొయ్యిని అయిదడుగుల లోతున, నెరియ లోతు అంతకు మించినచో దానికంటె లోతుగా, త్రవ్వవలెను. తీసిన నల్లమట్టిని మరల అందులో వేయరాదు. దానిని చేనికి తోలుకొనిపొండు. అడుగున ఒక అడుగు మందము గరుసును ఆరంగుళముల పొరలుగా పోసి, నీళ్లు చిలికి దిమ్మిసతో కొట్టవలెను. మడమతో గట్టిగా త్రొక్కినను గుర్తు పడనప్పుడు ఆ పొర కుదిరినట్లు. దానిపై ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర కలిపిన కాంక్రీటును అరడుగు మందమున పరచి, స్తంభము నిలిపి, చుట్టును మరల గరుసుతోనే పొరలు పొరలుగా నింపవలెను.

ఇక్కడ ఇసుకను గురించి చెప్పవలసియున్నది. రేగడిలో గోతిని ఇసుకతో నింపిన చాలునని ఒక పాత నమ్మకము కలదు. ఇసుక పొంగదు, నిజమే. కాని అది వాన నీటిని సులభముగా లోనికి దిగనిచ్చును. చుట్టును బంకమన్ను ఉండుటచే ఆ నీరు ఎటును పోలేక బావిలోవలె నిలిచి, అడుగునున్న రేగడిని నానబెట్టును. 1970వ దశకములో బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఈ విషయమును పరిశోధించి, పొంగని గుణము గలిగి కొంచెము జిగటయు గల మట్టిని గట్టిగా దిమ్మిస చేసి మీటరు మందమున పరచినచో, దాని క్రిందనున్న రేగడి పొంగు బాగుగ అణగునని చూపినారు. మన ఎర్ర గరుసు ఆ జాతి మట్టియే. మీటరు మందము పెరటి కొట్టమునకు అందరికి సాధ్యము కాకపోవచ్చును. సాధ్యమైనంత వేయుడు. ఇసుక మాత్రము వలదు.

కొట్టపు నేల సంగతి కూడ దీనితో ముడిపడియున్నది. రేగడి మీద నేరుగా బండలు పరచినచో ఒక్క వానకాలములో అవి ఎగుడుదిగుడై, పశువు కాలు జారి పడును. పై నల్లమట్టిని అడుగు లోతు తీసివేసి గరుసు పోయుట ఉత్తమము. గరుసు దూరమైనచో ఆ నల్లమట్టినే బాగుగ పొడిచేసి, నూటికి నాలుగైదు పాళ్లు తడిపి ఆరిన సున్నము కలిపి, తడిపి, దిమ్మిస చేయవచ్చును. సున్నము కలిసిన రేగడికి పొంగు గుణము చాలవరకు తగ్గును. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మీకు చేరువలోనే ఉన్నవి. సున్నము కలుపునప్పుడు కండ్లలో పడకుండ జాగ్రత్త వహింపుడు. నేలను చుట్టుప్రక్కల కంటె అడుగున్నర ఎత్తు చేసి, మూత్రపు కాలువ వైపునకు నలుబది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు పెట్టినచో నీరు నిలువదు, పశువునకు ఇబ్బందియు ఉండదు.

ఎంత మంచి పునాది వేసినను దాని చుట్టును నీరు చేరనిచ్చినచో ప్రయోజనము తక్కువ. చూరు నీరు పడు చోటును కలుపుకొని కొట్టము చుట్టును మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయుడు. కుడితి తొట్టిని స్తంభములకు ఎడముగా పెట్టుడు. మూత్రపు కాలువను మట్టి కాలువగా విడువక, గచ్చు చేసి దూరముగా నున్న ఎరువు గుంటలోనికి తీసికొనిపొండు. పునాది క్షేమముగా నుండును, ఎరువును దక్కును. చెట్టు ఎంత ఎత్తు పెరుగునో కనీసము అంత దూరములో కొట్టము కట్టుడు. ఉన్న వేపచెట్టును నరికివేయుమని నేను చెప్పుటలేదు. కొట్టమునే జరుపుకొనుడు.

పని చేయు కాలమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. రేగడిలో వానకాలపు త్రవ్వకము ఎట్లుండునో మీరే నాకు చెప్పగలరు. ఫాల్గుణ చైత్రములలో మొదలుపెట్టి, మృగశిర కార్తె చొచ్చులోపల పునాదియు చుట్టు గచ్చును ముగియునట్లు చూచుకొనవలెను. గోతులు త్రవ్వి కూలీలు దొరకలేదని నెలల తరబడి ఎండకు విడువరాదు.

చివరకు, ఇదివరకే కొట్టములు కట్టుకొని పగుళ్లతో నెట్టుకొనివచ్చుచున్నవారి మాట. ప్రసంగము మొదలు కాకముందే ఇద్దరు నన్ను దీనిని గురించి అడిగినారు. పగులును వెంటనే పూడ్చవలదు. దానికి అడ్డముగా బెత్తెడు వెడల్పున సున్నపు పట్టీ ఒకటి పూసి, ఆరిన పిమ్మట దానిపై ఆనాటి తేదీ వ్రాసి ఉంచుడు. ఆ పట్టీ వానలకును వేసవికిని చీలక నిలిచినచో నేల సర్దుకొన్నదని తలచి అప్పుడు పూడ్చుకొనవచ్చును. చీలినచో పగులు ఇంకను పెరుగుచున్నట్లు. ముందు నీటి దారి మళ్లించి, చుట్టు గచ్చు చేసి, మరల పట్టీ వేసి చూడుడు. అప్పటికిని చీలినచో పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవారిని పిలిపించి చూపించుడు. గుండు నూలు వ్రేలాడదీసి గోడ ఒరుగుచున్నదా యని నెలకొకసారి మీరే చూచుకొనవచ్చును. ఈ లోపల, ముఖ్యముగా తుపాను వానల రాత్రులలో, ఆ గోడ వారగా పశువును కట్టవలదు.